పావు మైలు పరుగులో పాత కారు

పావు మైలు అంటే 1,320 అడుగులు, మీటర్లలో 402.3. కదలకుండా నిలబడిన కారు ఈ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటిందన్నదే డ్రాగ్ రేసులో లెక్క. మలుపులుండవు, చుట్లుండవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో విమానాల రన్‌వేల మీద ఈ ఆట కుదురుకుంది. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయంలో టికెట్టు పెట్టి నడిపిన డ్రాగ్ స్ట్రిప్ మొదలైంది. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. దక్షిణాదిలో మోటారు పందేల పుట్టుక కూడా అలాంటిదే. చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలోని షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడే పందేలు నడిపి, తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. మోటారు సైకిళ్ల జాతీయ డ్రాగ్ పోటీలు ఆ ట్రాక్ మీద జరిగాయి. కార్ల విషయానికొస్తే, మహారాష్ట్రలో లోణావాలా దగ్గరి ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే వ్యాలీ రన్ దేశమంతటా పేరు పొందింది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఇలాంటి స్ట్రిప్ లేదు. ఆత్మకూరు నుంచి ఇరుంగాట్టుకోట్టైకి నెల్లూరు, చెన్నై మీదుగా ఒకవైపే దాదాపు 250 కిలోమీటర్లు. ఉదయగిరి నుంచి ఇంకా ఎక్కువ. లారీ మీద ఎక్కించి తీసుకెళ్లే స్తోమత లేనివారి కారు తన కాళ్ల మీద తానే వెళ్లి, పరుగు తీసి, ఇంటికి తిరిగి రావాలి. మర్నాడు ఇంటిల్లిపాదినీ నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అదే కారు. ఏ మార్పు చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నదానికి ఈ షరతే హద్దు గీస్తుంది.

లెక్క ఏం చెబుతుంది

కారు బరువుకూ ఇంజన్ శక్తికీ పావు మైలు సమయానికీ ఉన్న సంబంధాన్ని అమెరికన్ మోటారు రచయిత రోజర్ హంటింగ్టన్ పరీక్షల ఫలితాల నుంచి రాబట్టాడు. 1973లో జెఫ్రీ ఫాక్స్ అనే భౌతికశాస్త్రవేత్త దానికి సిద్ధాంతం సమకూర్చాడు. డ్రైవరుతో కలిపి కారు బరువును కిలోల్లో తీసుకుని, ఇంజన్ బీహెచ్‌పీతో భాగించి, వచ్చిన దానికి ఘనమూలం కట్టి, 8.16తో గుణిస్తే సెకన్లు వస్తాయి. ఇది ఫాక్స్ గుణకాన్ని మెట్రిక్ కొలతల్లోకి మార్చగా వచ్చిన అంకె. తర్వాతి కాలంలో ప్యాట్రిక్ హేల్ ఇచ్చిన గుణకం ఇదే పద్ధతిలో 7.58 అవుతుంది. మొదటిది షోరూం నుంచి వచ్చినట్టే ఉన్న కార్లకు దగ్గరగా ఉంటుంది. రెండోది పరుగు కోసం బాగా సిద్ధం చేసిన కార్లకు సరిపోతుంది.

మారుతి ఎస్టీమ్‌ను తీసుకుందాం. 1994లో వచ్చి 2007 దాకా తయారైన ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో తేలికగా దొరికేది, పాత కార్లతో పందెం ఆడేవారికి ఇష్టమైనది. ఎంపీఎఫ్ఐ మోడల్‌లో 1,298 సీసీ ఇంజన్ 85 బీహెచ్‌పీ ఇస్తుంది. బరువు 875 కిలోలు, డ్రైవరుతో 945. ఫాక్స్ లెక్కన 18.2 సెకన్లు, హేల్ లెక్కన 16.9. అదే పద్ధతిలో 37 బీహెచ్‌పీ మారుతి 800కు 22 సెకన్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. 106 బీహెచ్‌పీ హోండా సిటీ వీటెక్‌కు పదిహేడున్నర సెకన్లు.

ఎస్టీమ్‌కు వచ్చిన ఆ రెండు అంకెల మధ్య తేడా 1.3 సెకన్లు. బరువు అదే, శక్తీ అదే. టైరు పట్టు, కదిలే తీరు, గేర్లు, డ్రైవరు చేయి: తేడా అంతా వీటిలోనే ఉంది. ఈ 1.3 సెకన్లను ఇంజన్ శక్తి పెంచి మాత్రమే సాధించాలంటే 25 శాతం అదనంగా కావాలి, అంటే 85 నుంచి 106 బీహెచ్‌పీకి చేరాలి. ఇంజన్‌లోని ప్రతి అశ్వశక్తీ మొదటి క్షణం నుంచి ఏ నష్టమూ లేకుండా చక్రాలకు చేరితే ఎంత పడుతుందో కూడా లెక్క కట్టవచ్చు. అది 14 సెకన్లు. ఆ ఆదర్శాన్ని ఏ కారూ అందుకోదు. కానీ 18కీ 14కీ మధ్య ఉన్న నాలుగు సెకన్లలో చౌకగా దొరికేవి కొన్ని ఉన్నాయి. పాత కారు యజమాని ముందు వాటిని ఏరుకోవాలి, కొత్త శక్తి కొనడం ఆ తర్వాతి సంగతి. ఈ విషయం మీద పేరుకున్న అనుభవమంతా చూస్తే తేలేది ఇదే. అయినా ఎక్కువమంది డబ్బు మొదట సైలెన్సరుకే పోతుంది.

ఘనమూలం ఉండడం వల్ల ఇంకో సంగతి కూడా తేలుతుంది. శక్తి 10 శాతం పెరిగితే సమయం 3 శాతమే తగ్గుతుంది. ఎస్టీమ్‌కు అది అర సెకనుకు కాస్త పైన. బరువులో ప్రతి 10 కిలోలకూ 6 వందోవంతుల సెకను కలిసొస్తుంది. ఇవి చిన్న అంకెల్లా కనిపిస్తాయి గానీ, పక్కపక్కనే పరుగెత్తిన రెండు కార్ల మధ్య సెకనులో పదోవంతు తేడా అంటే గీత దగ్గర మూడు మీటర్లకు పైగా ఎడం.

పోయిన శక్తిని తిరిగి రాబట్టడం

కాగితం మీది 85 బీహెచ్‌పీ కొత్త ఇంజన్‌ది. ఇరవై ఏళ్లు తిరిగిన ఇంజన్ అంత ఇస్తోందన్న భరోసా లేదు. అందుకే పాత కారు విషయంలో మొదటి పని పరీక్ష.

కంప్రెషన్ గేజీ పెట్టి నాలుగు సిలిండర్లూ చూడాలి. ఈ తరహా పెట్రోలు ఇంజన్‌కు వేడి మీద, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి, చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కిలోలు రావాలి. సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో దాటకూడదు. ఏదైనా తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. ఈ పరీక్షలో తప్పిన ఇంజన్‌కు రేసు సామాన్లు తగిలించడం డబ్బు పారబోయడమే. దానికి కావలసింది హెడ్డు పని, లేదా బోరింగు.

కంప్రెషన్ బాగుంటే ట్యాపెట్ సెట్టింగు, టైమింగ్ బెల్టు గుర్తులు, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పెట్రోలు ఫిల్టరు, పంపు ప్రెజరు వరసగా చూడాలి. టైమింగ్ బెల్టు ఒక్క పన్ను తప్పినా బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, పికప్ మాత్రం చచ్చిపోతుంది. యజమాని దాన్ని వయసుకు ముడిపెట్టి ఊరుకుంటాడు. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి భాగం విరిగి అడ్డం పడినా అంతే.

అన్నిటికన్నా చౌకైన పరీక్షకు ఇద్దరు మనుషులు చాలు. ఒకరు డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజన్ ఆపి, యాక్సిలరేటరు నేలకు అదిమిపెడతారు. రెండోవారు బానెట్ ఎత్తి, గాలి గొట్టం విప్పి, థ్రాటిల్ బాడీలోకి టార్చి వేసి చూస్తారు. లోపలి పళ్లెం గాలి దారికి పూర్తిగా సమాంతరంగా తిరిగి, అంచు మాత్రమే కనిపించాలి. కేబుల్ సాగడం వల్లనో, పెడల్ కింద మందపాటి మ్యాట్ మడతపడడం వల్లనో చాలా పాత కార్లలో అది ముప్పాతిక వంతే తెరుచుకుంటుంది. పాత కార్బ్యురేటర్ బండ్లలో రెండో బ్యారెల్ అసలు తెరుచుకోని సందర్భాలూ ఉంటాయి.

మెట్ట ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ములో తిరిగే కారుకు ఎయిర్ ఫిల్టరు మ్యాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే మూసుకుపోతుంది. గ్యాస్ కిట్ పెట్టించిన కార్లలో మరో చిక్కు ఉంది. గాలి గొట్టంలో బిగించిన మిక్సర్ పెట్రోలు మీద నడిపేటప్పుడు కూడా గాలి దారిని ఇరుకు చేస్తుంది, డిక్కీలో సిలిండరు బరువు సరేసరి. పరుగుకు వెళ్లే కారులోంచి ఆ కిట్‌ను మొత్తంగా తీయించడం ఉత్తమం.

ఇంజన్‌లో పుట్టిన శక్తి దారిలో ఎక్కడ పోతోందో కూడా చూడాలి. నాలుగు చక్రాలనూ జాకీ మీద ఎత్తి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే బ్రేకు పట్టేస్తున్నదేదో, బేరింగు గరగరలాడేదేదో తెలిసిపోతుంది. నాలుగో గేరులో, తక్కువ వేగంలో, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి బండి పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. అరిగిన ఇంజన్ మౌంటింగులు కూడా తోసిపుచ్చదగినవి కావు. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజన్ ఊగితే చక్రం గంతులు వేస్తుంది, గేరు పడాల్సిన చోట పడదు.

ఈ20 పెట్రోలు తెచ్చిన మార్పు

2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది. పాత కారు ట్యూనింగ్ గురించి అంతకు ముందు రాసిన సలహాల్లో చాలావాటిని ఇప్పుడు సవరించుకోవాలి. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి లెక్క సుమారు 13.5 అవుతుంది. అంటే అదే గాలికి 8, 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఎంపీఎఫ్ఐ కారు మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సరు చూసి తనంతట తాను సర్దుకుంటుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం సెన్సరు మాట పక్కనపెట్టి, కంప్యూటరులో ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం ఇంధనం పోస్తుంది. ఆ పట్టిక పాత పెట్రోలు కోసం రాసింది. పావు మైలు పొడుగునా ఇంజన్ ఆ స్థితిలోనే ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడి, శక్తి తగ్గి, పిస్టన్ వేడెక్కే ప్రమాదం ఉంది.

కార్బ్యురేటర్ బండికి ఆ మాత్రం సర్దుబాటు కూడా ఉండదు. మెయిన్ జెట్ రంధ్రం విస్తీర్ణం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరగాలి. అంటే 100 నంబరు జెట్ ఉన్నచోట 104కు దగ్గరిది వేయాలి. అంతకన్నా నమ్మకమైన మార్గం సైలెన్సరు పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సరు పెట్టి నిండు లోడు మీద మిశ్రమాన్ని కొలవడం. ఆ మీటరు మీద పెట్రోలు లెక్కన 12.5 నుంచి 13 మధ్య ఉంటే శక్తీ బాగుంటుంది, ఇంజనూ భద్రంగా ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు ఇథనాల్‌కు మెత్తబడి చీలుతాయి, వాటిని ముందే మార్చాలి. మేలు కూడా లేకపోలేదు. ఈ20కి కనీస ఆక్టేన్ 95గా ప్రమాణం ఉంది. వెనకటి మామూలు పెట్రోలుకు అది 91. ఇగ్నిషన్ టైమింగ్‌ను ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరిపినా నాకింగ్ రాకుండా ఉండే వెసులుబాటు దీనితో వచ్చింది.

బరువు

బరువు తీయడానికి మెకానిక్ అక్కర్లేదు, స్పానరు చాలు. స్టెప్నీ, జాకీ, పనిముట్లు కలిసి 15 కిలోలకు తక్కువుండవు. ట్యాంకులో 40 లీటర్ల పెట్రోలు ఉంటే అది 30 కిలోలు. పది లీటర్లతో పరుగెత్తితే 22 కిలోలు మిగులుతాయి. వెనక సీటు, డిక్కీలోని స్పీకరు పెట్టె, ఏళ్ల తరబడి పేరుకున్న సామాను తీస్తే మరో 30, 40 కిలోలు. అన్నీ కలిపి 70 కిలోలు తగ్గితే ఎస్టీమ్ లాంటి కారుకు 0.45 సెకను దాకా మిగులుతుంది. ఇందులో చాలా భాగం ట్రాక్ దగ్గర దించి, పరుగు అయ్యాక మళ్లీ ఎక్కించుకోవచ్చు. స్టెప్నీ లేకుండా ఇంటిదాకా 250 కిలోమీటర్లు రావడం మాత్రం తెలివైన పని కాదు.

ముందు చక్రాల కారులో బరువు వెనక నుంచి తీయడమే మేలు, ముందు చక్రాల మీది వాటా పెరుగుతుంది. అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా వంటి వెనక చక్రాల బండ్లలో లెక్క తారుమారవుతుంది. డిక్కీ ఖాళీ చేస్తే బరువు తగ్గుతుంది, కొంత పట్టు కూడా పోతుంది. తిరిగే భాగాల బరువు వేరే పద్దు. చక్రం అంచున తగ్గిన ఒక కిలో, బాడీలో తగ్గిన రెండు కిలోలకు దాదాపు సమానం, ఎందుకంటే దాన్ని ముందుకు నెట్టడమే కాక తిప్పాలి కూడా. అందం కోసం వేసే పెద్ద అల్లాయ్ చక్రాలు పాత కార్లను నెమ్మది చేయడానికి ఇదే కారణం. చక్రం పెద్దదైతే గేరింగు కూడా పొడవైపోతుంది. తలుపుల్లోని ఉక్కు కడ్డీలు, సీటు బెల్టులు, బ్రేకు భాగాలు బరువు లెక్కలోకి రాకూడదు.

మొదటి 60 అడుగులు

మెట్ట పల్లెల తిరునాళ్లలో బండలాగుడు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు: బండ కదిలే తొలి గుంజుడులోనే జత సత్తా సగం తేలిపోతుంది. పావు మైలులో మొదటి 60 అడుగుల సమయాన్ని వేరుగా కొలిచేది అందుకే. అక్కడ సెకనులో పదోవంతు మిగిల్చితే చివర దాదాపు ఒకటిన్నర పదోవంతులు మిగులుతుందని రేసర్ల అనుభవం. ముందు దక్కిన వేగం గీత దాకా వెంట వస్తుంది.

ఇక్కడ ముందు చక్రాల కారుకు పుట్టుకతోనే ఒక అవరోధం ఉంది. బండి ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది త్వరణం, గురుత్వ కేంద్రం ఎత్తు, రెండు ఇరుసుల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. 2,365 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న ఎస్టీమ్‌లో, గురుత్వ కేంద్రం అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, గట్టిగా కదిలినప్పుడు సుమారు 90 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తప్పుకుంటాయి. సరిగ్గా పట్టు కావలసిన క్షణంలోనే పట్టు జారిపోతుంది. వెనక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కొత్తగా, గట్టిగా ఉంటే వెనక భాగం కూలబడదు, ముందు భాగం తేలిపోదు. వెనక టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ, ముందు టైర్లలో కొద్దిగా తక్కువ పెట్టడం రివాజు. వెనక చక్రాల అంబాసిడర్‌కు ఈ బరువు మార్పు వరమే. దాని బాధ వేరు: కమాను కట్టలు మెలితిరిగి ఇరుసు దడదడ కొట్టుకుంటుంది. కట్టలకు అదనపు బిగింపు వేస్తే అది తగ్గుతుంది.

టైరు విషయంలో వెడల్పు కన్నా వయసు ముఖ్యం. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. తక్కువ తిరిగే పాత కార్ల టైర్లకు గాట్లు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండకు గట్టిపడి ఉంటుంది. ఐదారేళ్లు దాటిన టైరుతో ఏ క్లచ్ నేర్పూ పనిచేయదు. ఇంజన్ మీద పైసా పెట్టకుండా రెండు కొత్త, మెత్తని రబ్బరు టైర్లు వేసుకోవడం పాత కారుకు చేయగల మంచి ఖర్చుల్లో మొదటిది. స్ట్రిప్ మీద నీళ్లు పోసిన చోటు ఉంటుంది. స్లిక్ టైర్ల వాళ్లు అక్కడ చక్రాలు తిప్పి వేడి చేసుకుంటారు. గాట్లున్న మామూలు టైర్లతో వచ్చినవారు ఆ నీళ్లలోకి వెళ్లకూడదు. గాట్లలో చేరిన తడి గీత దగ్గరకు వచ్చి జారిస్తుంది. పక్కనుంచి వచ్చి, ఒక్కసారి చక్రం తిప్పి మట్టి దులుపుకుంటే సరిపోతుంది.

క్లచ్ వదిలే తీరు చెప్పి నేర్పేది కాదు, చేసి నేర్చుకునేది. అయినా కొన్ని హద్దులు చెప్పవచ్చు. టైరు కొద్దిగా జారుతూ తిరిగేటప్పుడే గరిష్ఠ పట్టు ఇస్తుంది. 10, 15 శాతం జారుడు దాటి పొగ లేచిందంటే సమయం పోతున్నట్టే. 1.3 లీటర్ల ఇంజన్‌ను మూడు వేల ఆర్పీఎం అటూ ఇటూగా పట్టి, క్లచ్‌ను ఒక్కసారిగా విడవకుండా, పూర్తిగా నలిపేయకుండా వదలడం మొదలుపెట్టి, ప్రతి పరుగుకూ రెండు వందల చొప్పున పెంచుతూ తగ్గిస్తూ ఆ కారుకు తగిన చోటు వెతకాలి. గేరు మార్చిన ప్రతిసారీ అలవాటు లేని చేతికి అర సెకను పోతుంది, సాధన ఉన్న చేతికి అందులో సగం. అరిగిన గేరు లింకేజీ బుష్‌లు మార్చడం చిన్న పని, ఫలం మాత్రం పెద్దది.

గేరింగులో చూడాల్సింది ఒకటే. గీత దాటేటప్పుడు ఇంజన్ తన గరిష్ఠ శక్తి ఇచ్చే ఆర్పీఎం దగ్గర ఉండాలి. గీతకు కాస్త ముందు ఇంకో గేరు మార్చక తప్పని పరిస్థితి ఉంటే టైరు వ్యాసం కొద్దిగా మార్చి దాన్ని తప్పించవచ్చు.

ఇంజన్ మార్పులు

గాలి దారి నుంచి మొదలుపెట్టాలి. బానెట్ కింద వేడిలో తెరిచిపెట్టిన కోన్ ఫిల్టరు శబ్దం పెంచుతుంది, శక్తిని తరచూ తగ్గిస్తుంది. కంపెనీ పెట్టె బయటి చల్లని గాలిని పీలుస్తుంది. 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వెళ్తే గాలి సాంద్రత 5 శాతానికి పైగా పడిపోతుంది. శక్తి 3 నుంచి 5 శాతం తగ్గి, సమయం సెకనులో రెండు మూడు పదోవంతులు పెరుగుతుంది. రోహిణి కార్తెలో పరుగెత్తిన కారునూ సంక్రాంతి పొద్దున పరుగెత్తిన కారునూ పోల్చకూడదనడానికి ఇదే కారణం. చెన్నై తీరపు తేమ కూడా గాలిలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. 35 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉంటే ఆ వాటా దాదాపు 4 శాతం.

సైలెన్సరు మార్పుకు ఉన్న పేరు దాని ఫలితం కన్నా పెద్దది. అది అడ్డంకులు తీసేస్తుందన్న మాట నిజమే గానీ, చిన్న ఇంజన్‌కు మరీ లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, తక్కువ ఆర్పీఎంలో లాగుడు పోతుంది. 1.3 లీటర్లకు రెండంగుళాల లోపు పైపు, సరైన పొడవులున్న హెడర్ కలిస్తేనే ప్రయోజనం. హెడ్డు పోర్టింగు, క్యామ్‌షాఫ్ట్ మార్పు, హెడ్ ఫేసింగ్ చేసి కంప్రెషన్ పెంచడం, కంప్యూటరు రీమ్యాపింగ్: ఇవి ఒకదానికొకటి తోడైతేనే పనిచేస్తాయి. ఎత్తు ఎక్కువున్న క్యామ్ వేసి ఇంధనం పట్టిక మార్చకపోతే ఐడిలింగ్ చెడుతుంది, ఊళ్లో నడపడం నరకమవుతుంది, పావు మైలులో లాభమూ కనపడదు.

ఇంజన్ మార్పిడిలో పాత మారుతీలకు ఒక సుఖం ఉంది. బలేనో సెడాన్‌లోని 1.6 లీటర్ల ఇంజన్ ఎస్టీమ్ ఇంజన్ కుటుంబానిదే కావడంతో దాన్ని ఎస్టీమ్‌లో కూర్చోబెట్టిన కార్లు దేశంలో తక్కువేమీ కాదు. 94 బీహెచ్‌పీతో అర సెకను లాభం ఉంటుంది, కింది ఆర్పీఎంలో లాగుడు ఇంకా బాగుంటుంది. టర్బో లాభం అన్నిటికన్నా ఎక్కువ. 0.4 బార్ బూస్ట్‌కు సిద్ధాంతంలో 40 శాతం, ఆచరణలో పాతిక ముప్పై శాతం శక్తి పెరుగుతుంది. కానీ పాత పోత పిస్టన్లు, 9కి పైన ఉన్న కంప్రెషన్ నిష్పత్తి, అలసిన రేడియేటరు ఆ వేడిని తట్టుకోవాలి. క్లచ్, గేరు బాక్సు, బ్రేకులు దాని వెంట మారాలి. ఇంటికి నడిచి రావలసిన కారుకు ఇది పూర్తి ఇంజన్ పనితోనే చేయించాల్సిన మార్పు, విడిగా తగిలించుకునే పరికరం కాదు.

స్లిప్పు చదవడం, నియమాలు

స్ట్రిప్ ఇచ్చే సమయం స్లిప్పులో 60, 330, 660, 1,000, 1,320 అడుగుల దగ్గరి అంకెలు, చివరి వేగం ఉంటాయి. పచ్చదీపానికి డ్రైవరు ఎంత త్వరగా స్పందించాడన్నది వేరే అంకె. అది కారు సమయంలో కలవదు, చక్రం కిరణాన్ని దాటాకే గడియారం మొదలవుతుంది. మొత్తం సమయం, చివరి వేగం పక్కపక్కన పెట్టి చదివితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. చివరి వేగం పెరిగి సమయం తగ్గకపోతే ఇంజన్ బాగుపడింది, కదిలే తీరు చెడింది. సమయం తగ్గి వేగం మారకపోతే లాభం టైర్లది, డ్రైవరుది. ఎస్టీమ్ లాంటి కారు గీత దగ్గర గంటకు 125 నుంచి 130 కిలోమీటర్లలో ఉండాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, కనీసం మూడు పరుగుల సగటు తీస్తేనే ఏ మార్పు ఏం ఇచ్చిందో నమ్మవచ్చు. ఫోను యాప్‌లు సెకనుకు ఒక్కసారే స్థానం చూసేవైతే ఇంత చిన్న తేడాలకు పనికిరావు. నేల వాలు కూడా మోసం చేస్తుంది. నూటికి ఒక అడుగు పల్లం ఉంటే చాలు, ఈ తరహా కారుకు సెకనులో మూడో వంతుకు పైగా అప్పనంగా వస్తుంది.

ఆత్మకూరు మీదుగా వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి, పాత నెల్లూరు–ముంబయి రోడ్డు, కొన్నిచోట్ల తిన్నగా, నున్నగా ఉంటుంది. అక్కడ పరుగు తీయడం నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద బహిరంగ స్థలంలో వేగ పరీక్షకు, 2019 సవరణ తర్వాత, మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచినా, గంటకు 130 కిలోమీటర్లలో ఉన్న కారు ఆగడానికి బ్రేకు వేశాక 95 మీటర్లు, దానికి ముందు డ్రైవరు తేరుకోవడానికి మరో 35 మీటర్లు కావాలి. గేదెల మంద, గడ్డి ట్రాక్టరు ఏ క్షణంలోనైనా అడ్డం వచ్చే దారిలో ఆ 130 మీటర్లు ఎవరి చేతిలోనూ ఉండవు. స్ట్రిప్ మీద గీత తర్వాత ఆగడానికి ప్రత్యేకంగా చోటు వదులుతారు, అంబులెన్సు, మంటలార్పే సిబ్బంది ఉంటారు.

అమెరికా నిబంధనల్లో 13.99 సెకన్లూ అంతకన్నా వేగంగా పోయే కార్లకు హెల్మెట్ తప్పనిసరి. పాత చిన్న కార్లు ఆ అంకెకు చాలా దూరంలో ఉన్నా హెల్మెట్, పనిచేసే సీటు బెల్టులు, కొత్త బ్రేకు ద్రవం, పగుళ్లు లేని బ్రేకు గొట్టాలు ఉండి తీరాలి. టైరు వేగ అక్షరం కూడా చూసుకోవాలి: ‘ఎస్’ గంటకు 180 కిలోమీటర్లకు, ‘టీ’ 190కి.

కారు మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దు. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ట్యాపెట్ సెట్టింగు, కొత్త టైర్లు, దించిపెట్టిన స్టెప్నీ దీని కిందికి రావు. వేరే ఇంజన్, టర్బో వస్తాయి. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి, ఆర్‌సీలో నమోదు లేకుండా ఇంజన్ నంబరు మారిన కారుకు ప్రమాదం జరిగితే బీమా చెల్లింపు కూడా చిక్కుల్లో పడుతుంది. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఎస్టీమ్‌లన్నీ ఇప్పుడు ఈ కోవలోనివే. పరుగు కోసం తీసిన క్యాటలిటిక్ కన్వర్టర్, మార్చిన సైలెన్సరు ఆ పరీక్ష నాటికి తిరిగి బిగించి ఉండాలి, కాబట్టి విప్పిన కంపెనీ భాగాలేవీ పాత ఇనుము కొట్టుకు వేయకూడదు.